మన మురుగు ఎవరికి మంచినీళ్లు?

కూచిపూడి పేరు చెబితే ఎవరికైనా గజ్జెల చప్పుడే వినిపిస్తుంది. సిద్ధేంద్రయోగి గుర్తొస్తాడు. భామాకలాపం గుర్తొస్తుంది. వెంపటి చినసత్యం, వేదాంతం సత్యనారాయణ శర్మ గుర్తొస్తారు. మాకు వాటితోపాటు మంచినీళ్ల చెరువు కూడా గుర్తొస్తోంది. దాన్ని నింపే కాలువ గుర్తొస్తోంది. ఆ కాలువ ఎక్కడ పుట్టింది, ఎవరి పెరటి వెనక నుంచి వచ్చింది, దారిలో ఏమేం కలుపుకొని వచ్చింది అన్న ప్రశ్న నిద్ర పట్టనివ్వడం లేదు. ఈ వారం ఆ ప్రశ్న మీదే మాట్లాడదలచుకున్నాం.

కృష్ణా డెల్టా పల్లెల బతుకు తెలిసినవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. సముద్రం వైపు దిగేకొద్దీ భూమిలో నీళ్లు ఉప్పగిల్లుతాయి. బోరు వేస్తే చప్పటి నీళ్లు పడతాయన్న ధీమా లేదు. అందుకే తాగడానికి కాలువే దిక్కు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు ఊరి చెరువు నింపుకోవాలి. మళ్లీ కాలువ వదిలేదాకా ఆ చెరువే ఊరంతటికీ కుండ. ఆ కుండలో చేరిన నీళ్లు ఎలాంటివైతే ఆ ఊరి ఆరోగ్యం అలాంటిది.

ఆ నీళ్లు ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరతాయి. 1855లో కట్టిన ఆనకట్ట 1952లో తెగితే, దాని స్థానంలో 1957లో వచ్చిన బ్యారేజీ అది. పదమూడు లక్షల ఎకరాల ఆయకట్టుకు అదే ప్రాణం. అక్కడి నుంచి తూర్పు డెల్టాకు వచ్చే నీళ్లు పల్లెకు నేరుగా రావు. ముందు బెజవాడ దాటాలి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ నగరం నడిబొడ్డున పారుతున్నాయి. ఒకప్పుడు పడవలు తిరిగిన కాలువలవి. ఇవాళ వాటి గట్ల మీద నిలబడితే ఏం కనిపిస్తుందో బెజవాడ వాసికి మేం వర్ణించి చెప్పాలా? ప్లాస్టిక్ సంచులు, పూజ చేసి పారేసిన పూలు, ఇళ్ల వెనక నుంచి దిగే మురుగు పైపులు. మనం ముక్కు మూసుకొని వంతెన దాటిపోతాం. ఆ నీళ్లు మాత్రం ఆగవు. దిగువకు పోతాయి. ఎవరో దోసిలి పట్టుకొని ఎదురుచూసే చోటికి పోతాయి.

మన మురుగు ఎవరికి మంచినీళ్లు అవుతోంది? ఇదీ మా ప్రశ్న. ఈ ప్రశ్న ముందుగా ప్రభుత్వాన్ని అడగడం లేదు. మనల్ని మనమే అడుగుతున్నాం. మన కాలనీ సంక్షేమ సంఘాలను అడుగుతున్నాం.

బెజవాడలో కాలనీకో సంఘం ఉంది. అపార్టుమెంటుకో సంఘం ఉంది. వాటిని మేం చిన్నచూపు చూడడం లేదు. వీధి దీపం వెలగకపోతే కార్పొరేషన్ చుట్టూ తిరిగేది ఆ సంఘమే. కుళాయిలో పురుగులు వస్తే సీసాలో పట్టుకెళ్లి అధికారి బల్ల మీద పెట్టేదీ ఆ సంఘమే. పార్కు స్థలంలో ఎవరో రాత్రికి రాత్రి గోడ కడితే అడ్డం పడేదీ వాళ్లే. పింఛను తీసుకున్న మాస్టారు, రైల్వేలో రిటైరైన గుమాస్తా, ఇంటి పని ముగించుకొని సంతకాల కాగితం పట్టుకొని గడపగడపకూ తిరిగే గృహిణి. ప్రజాస్వామ్యం అంటే అసెంబ్లీ ఒక్కటే కాదని చూపిస్తున్నవాళ్లు వీళ్లే.

వీళ్ల పోరాటాలు ఊరికే పోలేదు కూడా. చెత్తపన్ను సంగతే చూడండి. 2021లో ఇంటింటి చెత్త సేకరణకు నెలనెలా రుసుము కట్టాలన్నారు. ఇంటిపన్ను కడుతున్నాం, మళ్లీ చెత్తకు వేరే పన్నా అని జనం తిరగబడ్డారు. బెజవాడ పన్ను చెల్లింపుదారుల సంఘం లాంటి వేదికలు వీధుల్లోకి వచ్చాయి. వామపక్షాలు వచ్చాయి. మహిళలు వచ్చారు. మూడేళ్లు నలిగిన తర్వాత 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ పన్ను రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. ఓట్ల లెక్క ఉందనండి, ఇంకేదైనా అనండి, వీధిలో నిలబడ్డవాడి గొంతు లేకుండా ఆ లెక్క తేలేది కాదు.

కృష్ణలంక సంగతీ అంతే. నదిలో నీళ్లు పెరిగితే చాలు, మూటాముల్లె సర్దుకొని పునరావాస కేంద్రాలకు పరిగెత్తిన బస్తీలవి. గోడ కట్టండి అని అడిగీ అడిగీ అక్కడి జనం గొంతులు ఎండిపోయాయి. చివరికి దశలవారీగా, ఒకటికి మించిన ప్రభుత్వాల కాలంలో రిటైనింగ్ వాల్ లేచింది. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. చరిత్రలో అంత వరద నమోదు కాలేదు. ఆ గోడే కృష్ణలంకను కాపాడింది. గోడ మేమే కట్టామని రెండు పార్టీలూ కొట్టుకున్నాయి. కొట్టుకోనివ్వండి. అడిగింది మాత్రం జనం.

కానీ అదే రోజు, అదే నగరంలో, రైలు కట్టకు ఆవలి పక్క ఏం జరిగింది?

2024 ఆగస్టు 31న కుండపోత. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. సెప్టెంబరు 1 తెల్లారేసరికి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, కండ్రిక నీళ్లలో ఉన్నాయి. మైలవరం కొండల వైపు నుంచి వచ్చే బుడమేరు పొంగింది. వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఎత్తారు. వరదను కృష్ణలోకి మళ్లించాల్సిన డైవర్షన్ కాలువకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సైన్యం దిగితే తప్ప అవి పూడలేదు. సెప్టెంబరు 7దాకా పట్టింది. మిద్దెల మీద చంటిపిల్లలతో జనం రోజుల తరబడి ఆకాశం వైపు చూశారు. డ్రోన్లు అన్నం పొట్లాలు మోసుకొచ్చాయి. నీళ్ల మధ్య కూర్చొని గుక్కెడు మంచినీళ్ల కోసం అల్లాడిపోయారు. ఆ తర్వాత కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తు వాళ్లకు 10 వేలు సాయం ప్రకటించారు. మునిగిన బతుక్కి ఖరీదు అంతేనా అని అప్పుడు అడగనివాళ్లు లేరు.

ఇక్కడ మనం నేర్చుకోవాల్సిన పాఠం ఒకటుంది. కృష్ణలో వరద నిండుగా ఉన్నప్పుడు బుడమేరు నీళ్లు కృష్ణలోకి దిగవు. నది వాటిని వెనక్కి నెడుతుంది. పోలవరం కుడి కాలువ నీళ్లు కూడా ఆ డైవర్షన్ దారినే వాడుకుంటాయి. కృష్ణలోకి దారి లేకపోతే వరద తన పాత తోవ పట్టుకుంటుంది. ఆ పాత తోవ నగరం మీదుగా కొల్లేటికి పోతుంది. ఆ తోవలో ఇప్పుడు మన ఇళ్లున్నాయి. వాగు మన మీదికి వచ్చిందంటాం. వాగు తన దారిన తాను వచ్చింది. 2005లోనూ వచ్చింది. అప్పుడు మేలుకున్నామా?

ఆ దారి మూసిందెవరు? వరద తగ్గగానే వేలు చూపించడం మొదలైంది. వాగు గట్టు మీద రేకుల పాక వేసుకున్న రిక్షా కార్మికుడు ఆక్రమణదారుడయ్యాడు. బాగుంది. మరి వాగు పక్క పల్లపు పొలాన్ని ప్లాట్లుగా కోసినవాడి పేరేమిటి? ఆ ప్లాటును రిజిస్టర్ చేసిన ఆఫీసు ఏ ప్రభుత్వానిది? కరెంటు మీటరు బిగించింది ఎవరు? ఇంటిపన్ను కట్టించుకొని రసీదు ఇచ్చింది ఎవరు? ఓటరు జాబితాలో పేరు ఎక్కించి ఓటేయించుకున్నది ఎవరు? అన్ని ముద్రలూ మీవే. మునిగినప్పుడు మాత్రం తప్పు పేదవాడిదా? పేదవాడు వేస్తే ఆక్రమణ, పెద్దవాడు వేస్తే వెంచర్! ఆపరేషన్ బుడమేరు చేపడతామని వరద తర్వాత ప్రభుత్వం చెప్పింది. చేయాల్సిందే. అయితే ముందు ప్రత్యామ్నాయం చూపించి తర్వాత పాక తీయండి. పాక కంటే ముందు వెంచర్ సంగతి తేల్చండి.

నగరంలో వాననీటి కాలువల కోసం కేంద్రం ఇచ్చిన 461 కోట్ల గ్రాంటు ఉంది. రాష్ట్రం విడిపోయిన తర్వాత తొలి ఏళ్లలో వచ్చిన డబ్బు. ఆ పని సగంలో పడకేసింది. ప్రభుత్వాలు మారాయి. తవ్విన చోట తవ్వినట్టే, కట్టిన చోట కట్టినట్టే, కలవాల్సిన చోట కలవకుండా మిగిలిపోయింది. ఆ లెక్క వార్డువారీగా తెచ్చి గోడకు అంటించమని ఎన్ని సంఘాలు అడిగాయి? 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం మన చేతిలోనే ఉంది. పది రూపాయల దరఖాస్తు. వినాయక చవితి చందా పుస్తకంలో ఒక్క చీటీ ఖరీదు కూడా కాదు.

సంఘాల బలం చెప్పాం. ఇప్పుడు బలహీనత చెబుతాం. కోపం తెచ్చుకోకండి. మన సంఘాల చూపు కాలనీ గేటు దగ్గర ఆగిపోతోంది. మా వీధిలో నీళ్లు నిలవకూడదు అంటాం. నిలవకుండా పోయిన నీళ్లు ఏ వీధిలో నిలిచాయో అడగం. మా దగ్గర చెత్త కుప్ప వద్దంటాం. ఆ కుప్ప ఏ ఊరి పొలిమేరలో లేచిందో చూడం. చెత్తపన్ను రద్దయింది, సంతోషం. చెత్త రద్దు కాలేదుగా? తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరు చేయమని 2016 నిబంధనలు చెప్పాయి. మనలో ఎందరం చేశాం? పన్ను కట్టనని చెప్పే హక్కు ఎంత గట్టిదో, కాలువలో సంచి విసరకూడదన్న బాధ్యతా అంత గట్టిది. మురుగును పక్కవాడి వాకిట్లోకి తోసే సంఘం సంక్షేమ సంఘం ఎలా అవుతుంది?

ఇక దిగువకు వద్దాం.

కింద పల్లెల్లోనూ సంఘాలున్నాయి. 1997 చట్టంతో సాగునీటి వినియోగదారుల సంఘాలు పుట్టాయి. జనం నోట అవి నీటి సంఘాలు. 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలు జరిపారు. చాలాచోట్ల పోటీ లేకుండా ఏకగ్రీవమైపోయాయి. కాలువ పూడిక తీయించడం, తూటికాడ తొలగించడం, చివరి చేనుకు నీరందేలా చూడడం వాటి పని. అంటే బెజవాడలో కాలనీ సంఘం ఏ కాలువ గట్టున ఉందో, దిగువన నీటి సంఘం అదే కాలువ గట్టున ఉంది. ఒకే నీటికి రెండు చివర్లు. ఈ రెండు సంఘాలూ ఎప్పుడైనా ఒక చాప మీద కూర్చున్నాయా? కాలనీ సంఘం అధ్యక్షుడికి నీటి సంఘం అధ్యక్షుడి పేరు తెలుసా? ఈయన ఫోన్ నంబరు ఆయన దగ్గర ఉందా? లేదు. ఎగువ సంఘానికి దిగువ ఉందని తెలియదు. దిగువ సంఘానికి ఎగువను అడగొచ్చని తెలియదు.

డెల్టా రైతు మురుగు విలువ ఎప్పుడో తెలుసుకున్నాడు. పంటకు నీళ్లు పెట్టడం ఎంత ముఖ్యమో, పొలంలోంచి నీళ్లు తీసేయడం అంత ముఖ్యమని అతనికి తెలుసు. 1968లోనే కృష్ణా గోదావరి డెల్టాల మురుగు కాలువల కోసం డ్రైనేజీ సెస్సు చట్టం చేశారు. రైతు తన జేబులోంచి కట్టాడు. అయినా ప్రతి తుఫానుకూ కోతకొచ్చిన చేను మోకాలిలోతు నీళ్లలో కుళ్లిపోతూనే ఉంది. డ్రెయిన్లు పూడిపోయాయి. వరి చేలు చేపల చెరువులయ్యాయి. ఒకడి చెరువు గట్టు పదిమంది పొలాల మురుగుకు అడ్డుకట్ట అవుతోంది.

కొల్లేరును చూడండి. 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంగా 1999లో ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ప్రపంచమంతా మెచ్చిన సరస్సని చెప్పుకున్నాం. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు పేల్చారు. తర్వాత మళ్లీ గట్లు లేచాయి. బుడమేరు నీళ్లు చేరాల్సింది ఆ సరస్సులోకే. అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. కొల్లేరు గొంతు నులిమితే సింగ్‌నగర్‌కు ఊపిరాడుతుందా? సింగ్‌నగర్‌లో కిరాయి ఇంట్లో ఉండే కుటుంబానికి కొల్లేటి గట్టుతో ఏం సంబంధం అని ఎవరైనా అడిగితే, 2024 సెప్టెంబరు జవాబు చెప్పేసింది.

ఇప్పుడు మళ్లీ కూచిపూడి. ఆ ఊరి పేరు మీద సభలు జరుగుతాయి. అంతర్జాతీయ సమ్మేళనాలు జరుగుతాయి. వేలమంది ఒకేసారి నాట్యం చేసి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ల సిలికానాంధ్ర ఆ ఊరిని దత్తత తీసుకుంది. విరాళాలతో సంజీవని ఆసుపత్రి కట్టింది. ఆసుపత్రి కట్టినవాళ్లకు దండం పెడతాం. పల్లెకు వైద్యం వచ్చిందంటే అంతకంటే ఏం కావాలి? కానీ ఒక మాట అడగనివ్వండి. ఆసుపత్రి రోగాన్ని నయం చేస్తుంది. రోగం మోసుకొచ్చే నీటిని ఎవరు నయం చేస్తారు? దాత ఆసుపత్రి కట్టగలడు, కమాను కట్టగలడు. ఎగువ నగరంతో కొట్లాడి కాలువను శుభ్రం చేయించడం దాత వల్ల కాదు. అది ఊరు చేయాల్సిన పని. నాట్యం గురించి మాట్లాడడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మంచినీళ్ల గురించి మాట్లాడాల్సింది గ్రామసభే.

గ్రామసభలు జరగవా అంటే జరుగుతాయి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి రికార్డని చెప్పుకున్నారు. రికార్డు సంగతి సరే. అక్కడ జరిగిన చర్చలో ఎక్కువ భాగం ఉపాధి హామీ పనుల చుట్టూ తిరిగింది. సరిగ్గా ఎనిమిది రోజుల తర్వాత వరద వచ్చింది. మన ఊరి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎక్కడికి పోతున్నాయి అన్న ముచ్చట ఆ సభల్లో ముందుకు రాకపోతే, ఆ సభ సంతకాల పుస్తకం కోసం పెట్టినట్టే.

మరో అన్యాయం కూడా గమనించండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టారు. బెజవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. కూచిపూడి ఉన్న మొవ్వ మండలం మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లాలో ఉండిపోయింది. పరిపాలన ప్రజలకు దగ్గర కావడానికి చిన్న జిల్లాలు కావాలన్నవాళ్లలో మేమూ ఉన్నాం. గీతలు గీసే హక్కు ప్రజలదని నమ్మేవాళ్లం. అయితే కాగితం మీద గీత గీస్తే కాలువ ఆగదు. ఇవాళ నీటిని పాడుచేసే చోటు ఒక కలెక్టరు కింద, ఆ నీళ్లు తాగే చోటు ఇంకో కలెక్టరు కింద ఉన్నాయి. ఎగువ అధికారికి దిగువ రోగం లెక్కలోకి రాదు. దిగువ అధికారికి ఎగువ పైపు మీద అధికారం లేదు. మధ్యలో చెరువు నోరు తెరుచుకొని చూస్తోంది.

అందుకే మేం అడుగుతున్నాం. ఒకటి, తూర్పు డెల్టా కాలువల మీద రెండు జిల్లాల కలెక్టర్లు, నగర కార్పొరేషన్, జలవనరుల శాఖ, కాలనీ సంఘాలు, నీటి సంఘాలు కలిసి కూర్చునే ఉమ్మడి కమిటీ వేయాలి. రెండు, వేసవికి ముందు చెరువులు నింపే రోజుల్లో నగరం ఎగువనా దిగువనా నీటిని పరీక్షించి, ఫలితాలను తెలుగులో ప్రతి గ్రామ సచివాలయం, వార్డు సచివాలయం గోడ మీద రాయాలి. రోగం వచ్చాక మందులిచ్చే బదులు, నింపకముందే నిజం చెప్పండి. మూడు, కాలువలోకి దిగే ప్రతి మురుగు పైపుకూ లెక్క తీయాలి. ఏ ఇల్లు, ఏ హోటలు, ఏ ఆసుపత్రి అన్న తేడా లేకుండా తీయాలి. నాలుగు, లేఅవుట్లలో వదలాల్సిన పదిశాతం ఖాళీ స్థలం ఎక్కడుందో పటం వేసి చూపాలి. ఖాళీ నేల ఉంటేనే వాననీరు ఇంకుతుంది. అయిదు, 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. మూడు లక్షల జనాభా దాటిన నగరంలో వార్డు కమిటీలు ఉండాలని చెప్పింది. 2011 లెక్కల్లోనే పది లక్షలు దాటిన బెజవాడలో ఆ కమిటీలను నిజంగా పనిచేసేలా చేయాలి. కార్పొరేటరు మనుషులతో నింపితే అది కమిటీ కాదు, బంధువుల విందు.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. పోరాడితే వచ్చేవే. పన్ను రద్దయింది, గోడ లేచింది. కాలువ ఎందుకు బాగుపడదు?

చివరిగా మా మాట. ఉద్యమాల్లో తిరిగినవాళ్లం మేం. రాస్తారోకోలు చేశాం. లాఠీలు తిన్నాం. స్టేషన్లలో రాత్రుళ్లు గడిపాం. పెద్ద పెద్ద నినాదాలిచ్చాం. కానీ ఒప్పుకోవాలి. మా వీధి సంఘం సమావేశానికి రమ్మంటే చాలాసార్లు వెళ్లలేదు. మోరీ గురించి, చెత్త బండి గురించి మాట్లాడుకోవడం చిన్న పని అనుకున్నాం. పదేళ్లు పోట్లాడి సాధించుకునే అధికారం ఎవరికోసమో మరిచిపోయాం. గుక్కెడు మంచినీళ్లు ఇవ్వలేని అధికారం ఎవరి చేతిలో ఉంటే మాత్రం ఏం లాభం? ఆ చిన్న పనిని మనం వదిలేసిన చోటే పెద్దవాడు ప్లాటు వేశాడు.

వచ్చే ఆదివారం కాలనీ సంఘం సమావేశం పెట్టుకుంటే, ఎజెండాలో ఒక్క పంక్తి చేర్చండి. మన మురుగు ఎక్కడికి పోతోంది? కాగితం మీద రాసుకొని ఆ మోరీ వెంట నడవండి. మోరీ కాలువలో కలిసేదాకా నడవండి. కాలువ గట్టు పట్టుకొని ఇంకాస్త దూరం నడవండి. నగరం దాటాక ఏదో ఒక పల్లె వస్తుంది. ఆ పల్లె నీటి సంఘం వాళ్లను పిలిచి కూర్చోబెట్టండి. మీ కాలనీ పేరు చెప్పండి. వాళ్ల చెరువు పేరు అడగండి.

అక్కడినుంచి మొదలవుతుంది అసలు ఉద్యమం.